తడిముక్క, పొడిముక్క

కొత్త నూలుగుడ్డను నీళ్లలో నానబెడితే వచ్చే గంజి వాసన ఈ ఉదయం మా పెరట్లో తగిలింది. చిత్తూరు బజారులోని ఖాదరన్న కుట్టుకొట్టు గుర్తొచ్చింది. తడిపి ఆరేయనిదే ఆయన ఏ గుడ్డకూ కత్తెర పెట్టేవాడు కాదు. కొత్త రకం వస్తే ఒకే తానులోంచి రెండు ముక్కలు కత్తిరించి, ఒకటి నానబెట్టి ఆరేసి, రెండోది పొడిగా ఉంచి, తర్వాత పక్కపక్కన పెట్టి ఎంత ముడుచుకుందో చూసేవాడు. ముడుచుకోదని అంగడివాడు ఎంత ఒట్టు పెట్టినా సరే, ఆ రెండు ముక్కలు చెప్పిందే నమ్మేవాడు.

తొంభైల చివర్లో ఆయన వేళ్ల కీళ్లు వాచాయి. కాజాలు కుట్టే వేళ్లు. ఇల్లు గడిచేది వాటి మీదే. తిరుపతిలో చూసే డాక్టరమ్మ, కొత్త మాత్ర ఒకటి పరీక్షిస్తున్నామనీ, ఇష్టమైతే చేరవచ్చనీ చెప్పింది. మామూలు మందులు అందరికీ ఇస్తారు. వాటితోపాటు కొందరికి కొత్త మాత్ర, మిగతావారికి అచ్చం అలాగే కనిపించే, మందు లేని ఉత్త మాత్ర. ఎవరికి ఏది అందుతోందో చివరిదాకా చెప్పరు.

అప్పట్లో నేను ఊరూరా సభల్లో తాయెత్తుల మీద, విభూతుల మీద నిప్పులు చెరిగేవాణ్ణి. సంతకం కోసం ఆయనకిచ్చిన కాగితాలు చూసి మండిపడ్డాను.

"బీదవాడి ఒళ్లే దొరికిందా వాళ్లకి? సంతకం పెట్టొద్దు, అన్నా."

ఆయన మిషను ఆపాడు. "నాకు అర్థం కాలేదనుకుంటివా? మూడుసార్లు పోయి అడిగినానప్పా. కడుపులో మంట రావచ్చంట. ఎప్పుడైనా మానుకోవచ్చంట. మానుకున్నా వైద్యం ఆపరంట."

"నీకు ఉత్త మాత్ర వస్తే?"

"ఎవురికో ఒకరికి రావల్ల గదా. పొడిముక్క లేకుంటే తడిముక్క ఎంత ముడుసుకుందో ఎట్ల తెలుస్తాది?" నవ్వాడు. "మైకు దొరికితే సాలు, రుజువు యాడుండాదని అరుస్తావే. అది యాడ నుంచి వస్తాది సామీ, ఆకాశంలోంచి ఊడిపడతాదా?"

నవ్వు ఆపి, మెల్లగా అన్నాడు. "మా నాయన వేళ్లూ ఇట్లే కొంకర్లు పోయినాయి. ఇప్పుడు నా బిడ్డ మిషనెక్కింది."

ఏడాది తర్వాత తెలిసింది, ఆయనకు అందింది ఉత్త మాత్రే. వేళ్లు అంతంతమాత్రంగానే మిగిలాయి. కాజాల పని కూతురికి అప్పగించాడు. కోపం రాలేదా అని అడిగాను.

"బాధ ఉండాదిలే, ల్యాకేం," అన్నాడు. "అయినా ఆ మాత్ర లెక్కలో నా వేళ్లూ ఉండాయి గదప్పా."

ఆయన చివరిసారి కుట్టిన వంకర కాజాల చొక్కా నా బీరువాలో ఉంది. ఇప్పటికీ సభల్లో రుజువేదని అడుగుతాను. అడిగేటప్పుడు ఆ వేళ్లు కళ్లముందు మెదులుతాయి. గొంతు దానంతటదే తగ్గుతుంది.