కుక్కర్ కూస్తే రైలన్నాను

వారమంతా వెల్డింగ్ షాపులో కళ్లు మండించుకునేవాడికి ఆదివారం మటన్ వండుకునే హక్కు లేదా? ఈ రోజు పొద్దున స్టౌ మీద కుక్కర్ వేడెక్కిందో లేదో, అర్జెంటు పనుంది రమ్మని ఓనరు ఫోన్ చేశాడు. రైల్లో గుడివాడ వెళ్తున్నానని చెప్పాను. సరిగ్గా అప్పుడే కుక్కర్ కూసింది.

"ఏంట్రా ఆ కూత?"

"రైలేనండి."

ఆయన ఫోన్ పెట్టెయ్యలేదు. కుక్కర్ ఊరుకోలేదు. నాలుగో కూత దాకా చెవొగ్గి విన్నాడు.

"మాంసం లేతదైతే నాలుగు చాల్లేరా. స్టౌ కట్టేసి, కూర క్యారేజీలో పెట్టుకుని షాపుకొచ్చెయ్. అన్నం నేను తెప్పిస్తా."

ఒళ్లు మండినా వెళ్లాను. మూలుగ ఎముకలన్నీ ఆయనే జుర్రి, ఉప్పు తగ్గిందన్నాడు.

కూత పెట్టని కుక్కర్ ఎక్కడ దొరుకుతుందో తెలిసినవాళ్లు వచ్చే ఆదివారంలోపు చెప్పండి.