బెదిరిన బాతు కండ పట్టదు

మా అత్త పోయింది. గిద్దలూరు ఆసుపత్రి ఇంకా కనబడకముందే, ఆటోలో, నా ఒళ్లో తల పెట్టుకుని పోయింది. ఆమె పెంచిన బాతులను కూరకని కొనుక్కుపోయినవాళ్లు ఈ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. వాళ్లందరికీ కబురు రాయాలని కూర్చున్నాను. ఆమె గురించి చెప్పాలంటే ముందు ఆమె భయం గురించే చెప్పాలి.

అంత పిరికి మనిషిని నేను చూడలేదు. ఉరిమితే ఇంట్లోకి పరుగు, ఫోన్ మోగితే గుండె మీద చెయ్యి. అలాంటి మనిషి నల్లమల అంచున మాకున్న రెండెకరాల్లో, కూతవేటు దూరంలో మరో ఇల్లు లేని చోట, బాతులను మేపుతూ బతికింది. నూకలు, తవుడు కలిపి పెట్టేది. బోరు నీళ్లు మడుగులోకి వదిలేది. కొనడానికి వచ్చినవాళ్ల ముందే బాతు రొమ్ము తడిమి చూసి, "ఇది ఇంకా బక్కది నాయనా, మళ్లీ రా" అని పంపించేసేది.

"బెదిరిన బాతు కండ పట్టదమ్మాయ్" అన్నది ఆమె నాకు నేర్పిన మొదటి మాట. అందుకే బాతుల కొట్టం దగ్గరికి ఎవరూ చప్పుడు లేకుండా పోకూడదు. ఇంటి వాకిట్లోంచే ఆమె తిట్లు మొదలయ్యేవి. "ఏందే మీ గోల? నేనేలే, ఇంకెవరొస్తారు మీ కొంపకు?" అవన్నీ ఒక్కసారిగా బదులిచ్చేవి.

పోయిన ఎండాకాలం ఒక సాయంత్రం ఆ గోల టక్కున ఆగిపోయింది. బాతులు అరిస్తే భయం లేదు, నోరు మూస్తేనే భయపడాలి అని ఆమె అంతకుముందే చెప్పి ఉంది. కంచె అవతల కంపచెట్లలో ఏదో కదిలింది. అత్త నా మణికట్టు పట్టుకుంది. ఆ చెయ్యి గడగడ వణుకుతోంది. నోరు మాత్రం ఎప్పటిలాగే ఉంది. "ఏందే అట్ల గుడ్లప్పగించి చూస్తారు? తినండి, నూకలేమన్నా చేదెక్కినాయా?" కాసేపటికి ఒక బాతు గొణిగింది. తర్వాత మిగతావి అందుకున్నాయి. తెల్లవారి మడుగు గట్టు మీద చిరుతపులి అడుగులు కనబడ్డాయి.

"నీకు భయం కాలేదా అత్తా?" అన్నాను.

"కాలేదా! చీరె తడవలేదు, అంతే. భయం మనకుండనీ, వాటికెందుకు?"

ఎవరైనా అక్కడే కోసిమ్మంటే బాతును ఆమే పట్టుకునేది. రెక్కలు ఒంటికి అదిమి, కొంగుతో కళ్లు కప్పి, "ఏం కాదు, ఏం కాదులే" అనేది. అది అబద్ధం కదా అని ఒకసారి అడిగాను. "అబద్ధమే. ఐనా బెదురుతో పోనీయకూడదు" అంది.

ఆటోలో ఆమె మాట్లాడటం మానేసింది. చిరుత వచ్చిన రోజు కూడా నాకంత భయం వేయలేదు. ఏం చేయాలో తోచక తల నిమురుతూ, "ఏం కాదత్తా, ఏం కాదులే" అన్నాను.

కళ్లు తెరిచి నన్ను చూసింది. "నాక్కూడానా?" అంది. ఆ తర్వాత మరి మాట్లాడలేదు.

బాతులను అమ్మేయమని బంధువులంటున్నారు. మా ఆయన పనికి పోతే ఇక్కడ నేనొక్కదాన్నే, వాళ్ల మాటా నిజమే. కానీ ఇవింకా బక్కగానే ఉన్నాయి. అత్త అయితే అమ్మేది కాదు.

నిన్న ఇది రాస్తుండగా, పొద్దు వాలే వేళ, కొట్టం దగ్గర గోల ఆగిపోయింది. నూకల బేసిను తీసుకుని బయలుదేరాను. "నేనేలే, ఇంకెవరొస్తారు" అన్నాను. ఒక్కటీ పలకలేదు. అన్నీ మెడలు నిక్కించి నా వెనక్కి చూస్తున్నాయి. గిరుక్కున తిరిగాను.

నా వెనక మా వాకిలి నుంచి అత్త రోజూ నడిచొచ్చే బాట. దాని మీద ఎవరూ లేరు.

మళ్లీ వాటి వైపు తిరిగి, "ఏం కాదు, ఏం కాదులే" అన్నాను. చేతిలో బేసిను వణికి, నూకలు నా పాదాల మీద రాలుతూనే ఉన్నాయి.