కారు కడగడం మాన్పించిన రూతమ్మ

నురగ వాసన తగిలితే చాలు, నాకు నిద్ర ముంచుకొస్తుంది. హంటర్ రోడ్డులోని ఆటోమేటిక్ వాష్‌లోకి కారు తోలి, అద్దాలు ఎత్తేసి, ఇంజను ఆపుకుని కూర్చుంటాను. ముందద్దాన్ని తెల్లటి నురగ కమ్మేస్తుంది. పెద్ద బ్రష్షులు నెత్తిమీద దబదబమని తిరుగుతాయి. అంత చప్పుడులో ఎవరికైనా నిద్ర పడుతుందా అంటే నాకు పడుతుంది. మొన్న ఆదివారం కూడా కునుకు తీశాను. ‘మేడం, అయిపోయింది, ముందుకు తీయండి’ అని ఎవరో అద్దం తడితే ఉలిక్కిపడి లేచాను. మా బడిలో తోటి టీచర్లకు ఇదొక వింత. చేత్తో కడుక్కుంటే బండి పది కాలాలు కొత్తగా ఉంటుందనీ, ఆ బ్రష్షులకు రంగు పాడవుతుందనీ నాకు హితబోధ చేస్తారు. నాకు తెలియనిదా! ఆ పాఠాన్ని వాళ్లకంటే గట్టిగా చెప్పిన మనిషితో కాపురం చేశాను. చేత్తో కడగడం మాన్పించిన మనిషి వేరే ఉంది.

ఆమె పేరు రూతమ్మ. పెద్ద దవాఖానలో నర్సుగా చేసి రిటైరై, మా పక్కింట్లో ఒంటరిగా ఉండేది. వీధి వీధంతా సిస్టరమ్మ అనేవాళ్లం. నర్సు అనగానే మెత్తటి మనిషిని ఊహించుకుంటే పొరపాటే. సూది గుచ్చితే ఎవరైనా మూలిగారా, “సచ్చిపోవులే, చెయ్యి వదులుగ పెట్టు” అని కసిరేది. ఎవరింట్లో జబ్బున్నా పిలవకుండానే వచ్చేది, వచ్చిన దగ్గర్నుంచీ తిడుతూనే ఉండేది. ఆమె తిట్లు తినని ఇల్లు మా వీధిలో లేదు, ఆమె అడుగు పెట్టని ఇల్లూ లేదు.

మా ఆయన సదానందం కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంట్లో పుట్టాడు. తాను మగ్గం ఎక్కలేదు గానీ, ఆ జంపఖానాలనే కారులో కుక్కుకుని నెక్కొండ, కేసముద్రం దాకా తిరిగి అమ్మేవాడు. ఆదివారం పొద్దున మాత్రం కారును బయటికి తీయకుండా కడిగేవాడు. మెత్తబడిన పాత ధోవతి ముక్కలు ప్రత్యేకంగా దాచుకునేవాడు. నన్ను గుడ్డ కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు. వాష్‌కు ఇద్దామంటే “నా బండి మీద గీతలు పెడ్తరా?” అని కస్సుమనేవాడు. అటువంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. మాట ముద్దముద్దగా మారి, చివరికి నాకు తెలిసినంత వరకు ‘ఊ’, ‘వద్దు’ల దగ్గర ఆగిపోయింది.

తెల్లవారకముందే లేచి ఆయన ఒళ్లు తుడిచి, తినిపించి, కాళ్లూ చేతులూ ఆడించి బడికి పరుగెత్తేదాన్ని. పగలు రూతమ్మ వచ్చి ఆయన దగ్గర కూర్చునేది. సాయంత్రం నేను రాగానే మళ్లీ మొదలు. ఆ అలసట ఎలా ఉండేదంటే, తల దువ్వుకోవడానికి చేయి లేచేది కాదు. ఎవరైనా పలకరిస్తే ఏడుపొచ్చేది. దొరికే ఒక్క సెలవు ఆదివారం. ఆ ఆదివారం నేను కారు కడిగేదాన్ని. ఆయన కుర్చీని కిటికీ దగ్గరికి నెట్టి, ఆయన చూస్తుండగా, ఆయన దాచుకున్న గుడ్డలతోనే తుడిచేదాన్ని. కుర్చీ నెడుతున్నప్పుడు ఆయన ‘వద్దు, వద్దు’ అనేవాడు. జావ వద్దంటున్నాడేమో అనుకుని గిన్నె పక్కకు జరిపేదాన్ని.

ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ రూతమ్మ మా గేటు దగ్గర ఆగింది.

“ఏం చేస్తాన్నవ్ స్వరూపా?”

“కనబడతలేదా సిస్టరమ్మా? కారు కడుగుతాన్న.”

“గా మిషన్‌కు ఇయ్యరాదు?”

“ఆయనకు నచ్చదు. గీతలు పడ్తయంటడు.”

“పడితే పడనియ్. నీ నడుం పడిపోతే గప్పుడేం చేస్తవ్?”

“జర మెల్లగ మాట్లాడు. ఆయన చూస్తాండు.”

“చూడాల్నని ఆయనకు ఉన్నదా? అడిగినవా ఎన్నడన్న?”

నాకు ఒళ్లు మండింది. నా మొగుడి సంగతి నాకు ఈమె చెప్పాలా అనుకుని, బకెట్ తీసుకుని వెనక చక్రం దగ్గరికి వెళ్లిపోయాను.

ఆ తర్వాతి వారమే, అదే చక్రం దగ్గర వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను. నా అరుపు విని రూతమ్మ చర్చి చీరతోనే పరుగెత్తుకొచ్చింది. నన్ను లోపలికి నడిపించి, చాప మీద బోర్లా పడుకోబెట్టి నడుముకు మందు రాయడం మొదలుపెట్టింది. నేను ఏడుస్తూనే ఉన్నాను. కారు సగం నురగతో ఎండలో ఎండిపోతోందని నా బాధ! ఎప్పుడూ తిట్టే మనిషి ఆ రోజు తిట్టలేదు.

“మా ఆయన గూడ గిట్లనే మంచం మీద ఉండె బిడ్డా. ఇంట్ల బట్టల మిషన్ ఉన్నది. రోగమున్న మనిషి బట్టలు చేత్తోని పిండితెనే శుభ్రమైతయని నా పంతం. దవాఖానల అందరికి చేసినదాన్ని, నా మొగనికి చేసుకోనా అని. ఎప్పుడు చూసినా నల్లా నీళ్ల కాడనే ఉంటుంటి. ఒకనాడు పిలిచిండు. వస్తాన్న, దుప్పట్లు జాడిచ్చి వస్తాన్న అన్న.” ఆమె చేయి నా నడుము మీద ఆగిపోయింది. “ఆరేసి లోపటికి పోయిన. అప్పటికే అయిపోయింది. ఏం చెప్పాల్నని పిలిచిండో నాకు తెల్వదు. దుప్పట్లు మాత్రం మల్లెపూల లెక్క ఉన్నయ్.”

నేను ఏడుపు ఆపేశాను. ఆమె మళ్లీ రాయడం మొదలుపెట్టింది.

“సదానందం నాతోని మాట్లాడతడు, నీకు తెల్సా?”

“మాట్లాడతడా?”

“ఎందుకు మాట్లాడడు? ఒక్కో మాట రావాల్నంటే టైం పడ్తది. పక్కన కూసోని ఆగాలె. నువ్వు ఆగుతవా?”

నాకు సిగ్గు కంటే ముందు అసూయ వేసింది. నా మొగుడి మాటలు ఈమెకు దక్కుతున్నాయి, నాకు విడిచిన బట్టలు దక్కుతున్నాయి. ఆ మధ్యాహ్నం ఎలాగూ లేవలేను కాబట్టి ఆయన మంచం పక్కనే పడుకుని అడిగాను. నేను కారు కడుగుతుంటే చూడాలని ఉంటుందా అని. ఆయన పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్లీ కదిలాయి. నేను కదలకుండా ఉన్నాను.

“కిటికీ కాడ… కూసోబెట్టకు. నువ్వు కడుగుతాంటే… నేను సచ్చిపోయినట్టు… అనిపిస్తది.”

ఇన్నాళ్లూ ఆయన వద్దంటున్నది జావను కాదు. ఆయన ఎడమ చేయి పట్టుకుని అలాగే పడుకున్నాను.

నా నడుము కుదుటపడేలోగా ఆయనకు స్నానం చేయించడానికి రూతమ్మ దవాఖానలో తనతో పనిచేసిన ఒకతన్ని కుదిర్చింది. నేను లేవగానే, ముగ్గురం కారెక్కి ఆటోమేటిక్ వాష్‌కు వెళ్లాం. ఆయన ముందు సీట్లో, రూతమ్మ వెనక. నురగ కమ్మి లోపలంతా మసకైపోయింది. బ్రష్షులు అద్దాన్ని తాకగానే ఆయన మొహం ఎర్రబడింది.

“గిట్ల… గీకితే… రంగు…” అన్నాడు.

‘ఉంటదా’ అని నేను అందించబోతే, వెనక నుంచి రూతమ్మ నా భుజం గిచ్చింది. ఆగాను. నురగ పోయి నీళ్లు వచ్చాయి, నీళ్లు పోయి గాలి వచ్చింది.

“…ఉంటదా!” అన్నాడు ఆయన కోపంగా.

“ఉండది! ఏం చేస్తవ్?” అంది రూతమ్మ.

ఆయన నోరు ఓ పక్కకు వంగింది. అది నవ్వేనని తెలుసుకోవడానికి నాకు కాస్త సమయం పట్టింది.

ఆ తర్వాత ఏడాదికి పైగా ఆదివారాలన్నీ మావే. కేసముద్రంలో బేరమాడి బేరమాడి చివరికి కొనకుండా పోయిన ఆసామి కథ చెప్పడానికి ఆయనకు ఒక పూట పట్టేది. విన్నాను. అలసట తగ్గిందని అబద్ధం చెప్పను, కూర్చుని అలసిపోయేదాన్ని, అంతే తేడా. కారు రంగు నిజంగానే మసకబారింది. ఆయన పోయింది బడి సెలవుల్లో, మధ్యాహ్నం అన్నం తిన్నాక. “పప్పుల… చింతపండు ఎక్కువైంది” అన్నాడు. రేపు తక్కువేస్తానన్నాను. సరేనన్నట్టు కళ్లు మూసుకున్నాడు.

రూతమ్మ వచ్చి నాడి చూసింది. జనం ఇంకా చేరలేదు.

“పక్కన్నే ఉన్నవా?”

“ఉన్న.”

“ఏమన్న అన్నడా?”

“పప్పు పుల్లగ ఉందన్నడు.”

ఆమె అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. ఆమె ఏడవగా నేను చూడడం అదే మొదలు.

పోయిన వానాకాలం రూతమ్మ కూడా నిద్రలోనే వెళ్లిపోయింది, ఎవరినీ పిలవలేదు. మా ఇంట్లో పని ఇప్పటికీ తెమలదు. సింకులో గిన్నెలుంటాయి, బకెట్లో బట్టలు నానుతుంటాయి. కానీ ఎవరైనా పిలిస్తే ‘వస్తున్నా, ఇది అయిపోనీ’ అనడం మానేశాను. తడి చేతులతోనే వెళ్తాను.