అలిసిన చేతి కొలత

పట్టీలమ్మ సాధించిన మొదటి గెలుపు సంగతి ముందే చెప్పుకోవాలి. అరవై రెండేళ్ళ కుట్టు మాస్టారు, చేతిలో పట్టుకుని ఆడే వీడియో గేమ్‌లో పడవను గంటా పది నిమిషాలు ఆపకుండా నడిపాడు. బొటనవేలు ఒక్కసారి కూడా ‘అబ్బా’ అనిపించలేదు. ఇంతేనా అనిపించవచ్చు. దాని వెనక నాలుగు నెలల కష్టం, చెడిపోయిన అయిదు అచ్చులు, పెద్ద డాక్టరు పెట్టిన చీవాట్లు ఉన్నాయి.

పట్టీలమ్మది ఆస్పత్రిలో చేతి పట్టీలు చేసే పని. విరిగి అతుక్కున్న వేళ్ళకి, వాచిన మణికట్లకి ఆసరాగా కట్టుకునే గట్టి పట్టీలు. తెల్లటి ప్లాస్టిక్ రేకుని వేణ్ణీళ్ళలో వేస్తే పిండిముద్దలా మెత్తబడుతుంది. దాన్ని రోగి చేతిమీద పరిచి ఒత్తితే మూడు నిమిషాల్లో ఆ చేతి ఆకారంలోనే బిగిసిపోతుంది. ఆ మూడు నిమిషాల్లోనే ఉంది పనితనమంతా. ఆమె గది మెట్ల కింద ఉంటుంది. ఎవరు పైకెక్కినా తన నెత్తిమీద నడిచినట్టే ఉంటుందని ఆమే నవ్వుతూ అంటుంది.

చదివింది పదో తరగతి, అదీ లెక్కలు రెండోసారి రాసి. ఆస్పత్రిలో చేరింది దుప్పట్లు మడతపెట్టడానికి. మధ్యాహ్నం ఖాళీ దొరికినప్పుడల్లా పట్టీలు చేసే పాత మేస్త్రీ పక్కన నిలబడి, చూసి చూసి పని పట్టేసింది. ఆయన రిటైరైన రోజున ఎవర్నీ అడక్కుండా తన కత్తెర ఆమె చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తరవాత పదిహేనేళ్ళలో రెండు వేల పైచిలుకు పట్టీలు చేసింది. గుచ్చుకుంటోందని ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. ఈ మాట ఆమె చెప్పేది కాదు, ఆస్పత్రి రిజిస్టరు చెప్పేది.

కొన్నేళ్ళుగా కొత్త రకం చేతులు రావడం మొదలైంది. బొటనవేలి మొదట్లో నొప్పి, చిటికెనవేలు తిమ్మిరి. చూడగానే ఆమెకి తెలిసిపోయేది, గేములాడే చేతులని. పట్టీ కట్టి, ఆట మానెయ్యమని చెప్పి పంపేది. పట్టీ కట్టుకున్నవాళ్ళున్నారు గానీ ఆట మానేసినవాళ్ళు లేరు.

కుట్టు మాస్టారికీ అదే మాట చెప్పింది. ఆయన కుర్చీలోంచి లేవలేదు.

“మానేసే పనే అయితే నీ దగ్గరికెందుకొస్తానమ్మా? ఇంట్లోనే మానేసి కూచునేవాణ్ణి కదా” అన్నాడు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఆయనకో అక్క ఉంది, నాలుగేళ్ళు పెద్ద. రైల్లో ఒక పూట దూరంలో ఉంటుంది. మేనకోడలు స్కూల్లో నాటకం వేస్తుంటే వేసుకోవాల్సిన గౌను మాస్టారు టైముకి కుట్టి ఇవ్వలేకపోయాడు. అక్క ఒక మాటంది, ఈయనా ఒకటన్నాడు. అంతే, తొమ్మిదేళ్ళయింది మాటల్లేక. ఇప్పుడు ఆ మేనకోడలు పెద్దదై ఉద్యోగంలో చేరి, ఇద్దరికీ చెరో గేమ్ కొనిపెట్టింది. అందులో ఇద్దరూ కలిసి ఒకే పడవ నడపాలి. ఎడమ తెడ్డు తమ్ముడిది, కుడి తెడ్డు అక్కది. మాట్లాడుకోనక్కర్లేదు, తెడ్లు వేస్తే చాలంది. రోజూ సాయంత్రం అయిదింటికి పడవ బయల్దేరుతుంది. ఒకరు ఆపారంటే పడవ ముందుకి వెళ్ళదు, ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది.

“ఇరవై నిమిషాలకల్లా వేలు మొరాయిస్తోంది. నేను ఆపేస్తే, వీడు మళ్ళీ అలిగాడనుకుంటుంది మా అక్క. చిన్నప్పుడు అలిగి మంచం కింద దూరేవాణ్ణిలే, అందుకు. ఈ దారి కూడా మూసుకుపోతే ఇంక వేరే దారి లేదు తల్లీ.”

పట్టీలమ్మ ఆ గేమ్‌ని చేతిలోకి తీసుకుంది. పలకలా పల్చగా ఉంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది గానీ అరచేతికి ఆనదు, కింద అంతా బోలు. బరువు మొత్తం చిటికెనవేళ్ళ మీద పడుతోంది. జారిపోకుండా మిగతా వేళ్ళు బిగబట్టాలి. అలా బిగబట్టిన చేత్తోనే బొటనవేలు సాగి, తెడ్డు వేసే చిన్న స్టిక్కుని తిప్పాలి. బిందె మోస్తున్న చేత్తో సూదిలో దారం ఎక్కించమన్నట్టుంది ఇది, అనుకుంది. చేతికి పట్టీ కట్టి లాభం లేదు, ఈ పలకకే కట్టాలి.

అలా మొదలుపెట్టింది. రేకుముక్క మెత్తబరిచి గేమ్ వెనక అంటించి, మాస్టారి చేత పట్టించి, అరచేతి బోలు నిండేలా పిడి తయారుచేసింది. మొదటిది గాలి కన్నాలకి అడ్డొచ్చి గేమ్ పెనంలా కాలింది. రెండోదానికి కన్నాలు వదిలింది గానీ చెమటకి జారింది. మూడోదానికి లోపల మెత్తటి స్పాంజి వేసింది. ఆస్పత్రిలో టైము చాలక ఇంట్లో కూడా చేసేది. “మా కోడలు ప్లాస్టిక్ వండుతోంది, ఉడికిందో లేదో రుచి చూసి చెప్తా” అని అత్తగారు చుట్టుపక్కల వాళ్ళందరికీ చెప్పేసింది. మాట అలా విసిరినా, పొయ్యి మీది పెద్ద గిన్నెని ఆ పనికే వదిలేసింది కూడా ఆవిడే.

అయిదు అచ్చులదీ ఒకటే కథ. పొద్దున్న గదిలో పట్టుకుంటే చేతికి తొడిగినట్టుండేది. సాయంత్రం పడవలో అరగంట గడిస్తే చాలు, అంచు కోసుకునేది, వేలు స్టిక్కుకి అందేది కాదు. రెండు వేల పట్టీలు చేసిన చెయ్యి ఎక్కడ తప్పుతోందో ఆమెకి అంతుపట్టలేదు. కొలత అణువంత కూడా తేడా లేదు.

అయిదోది వెనక్కి తెచ్చిన రోజున మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నెమ్మదిగా అడిగాడు.

“కొలత ఎప్పుడు తీశావమ్మా?”

“పొద్దున్నే కదా మాస్టారూ. మీరొచ్చేదే పొద్దున్న.”

“పరగడుపున నడుం కొలత తీసే దర్జీ నాలుగు రోజులు కూడా బతకడు. ప్యాంటు కుట్టించుకోవడానికి ఎవడొచ్చినా, వెళ్ళి భోంచేసి రారా అని పంపేవాణ్ణి. తిన్నాక కూచోబెట్టి కొలిచేవాణ్ణి. నువ్వు నా చెయ్యి పరగడుపున కొలిచావు.”

పట్టీలమ్మ చేతిలో కత్తెర అలాగే ఆగిపోయింది. నిజమే. ఇన్నాళ్ళూ ఆమె చేసిన పట్టీలు కదలకుండా ఉండాల్సిన చేతులకి. వాటికి పొద్దుటి కొలత సరిపోతుంది. ఇది పనిచేసే చెయ్యి. గంటసేపు ఆడాక అది కాస్త ఉబ్బుతుంది, వేళ్ళు ముడుచుకుంటాయి, మణికట్టు కిందికి వాలుతుంది. అది అసలు వేరే చెయ్యే. కొలవాల్సింది ఆ చేతిని.

మర్నాటి నుంచి గేములాడే రోగులందర్నీ మధ్యాహ్నం రెండింటికి రమ్మంది. వరండాలో బల్లమీద కూచోబెట్టి, అలిసేదాకా ఆడమంది. మూడోనాటికి ఏడుగురు పోగయ్యారు. వరండా అంతా టకటకలు, మధ్యలో ఒకరిద్దరి కేకలు. పెద్ద డాక్టరు ఆపరేషన్ ముగించుకుని అటుగా వస్తూ చూసి నిలబడిపోయాడు. ఇది ఆస్పత్రా, ఆటల మైదానమా అని మొదలుపెట్టి, నొప్పి తగ్గించమని జీతమిస్తుంటే దగ్గరుండి పెంచుతున్నావా అన్నదాకా, మెట్లు దిగేవాళ్ళు కూడా ఆగి వినేలా దులిపేశాడు.

ఆమె తలొంచుకునే విన్నది. అంతా అయ్యాక ఒక్క మాటంది.

“సార్, ఇప్పుడు మీ చెయ్యి పూర్తిగా తెరవండి.”

నాలుగు గంటలు కత్తి పట్టిన చెయ్యి అది. డాక్టరు తెరవబోయాడు. రెండు వేళ్ళు మొరాయించాయి. ఆయన ఆ వేళ్ళని కాసేపు చూసుకున్నాడు. మర్నాడు వరండాలోకి ఇంకో బల్ల వచ్చింది, తలుపు మీద కాగితం అంటించారు. పట్టీల గది, గేములవాళ్ళకి మధ్యాహ్నం రెండు తరవాత.

మాస్టారి ఆరో అచ్చు ఆయన వేలు మొరాయించిన నిమిషంలోనే తీసింది. మొదట చెప్పుకున్న గంటా పది నిమిషాల పడవ దానిదే. ఆయన మోచేతుల కింద పెట్టుకోవడానికి గుండ్రటి దిండు ఒకటి తనే కుట్టుకున్నాడు. దానితో మెడ కూడా వంగడం మానేసింది. ఆ ఏడాదిలోనే నలభై ఒక్క మందికి పిడులు చేసింది పట్టీలమ్మ. ఎడమచేతివాళ్ళకి, రెండు వేళ్ళే ఉన్న ఒక మిల్లు పనివాడికి, బడి పిల్లంత చిన్న చేతులున్న నర్సుకి. ఆ పిడులు పేరు మోసి, దూరపు ఊరి పెద్దాస్పత్రి నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడి పట్టీల పనివాళ్ళకి మూడు వారాలు ఈ పని నేర్పాలట. లెక్కల్లో రెండోసారి పాసైన మనిషిని పాఠం చెప్పమని పిలిచారు.

ప్రయాణానికి వారం ముందు మాస్టారు గదికొచ్చాడు. ముఖం వేలాడేసుకుని ఉన్నాడు. నా తెడ్డు ఇప్పుడు బాగానే పడుతోందమ్మా, అక్కదే ఆగిపోతోంది అన్నాడు. ఈమధ్య పావుగంట దాటితే చాలు, కుడి తెడ్డు పడటం లేదు. పడవ గిరగిరా తిరుగుతోంది. తనేం తప్పు చేశాడో, ఆవిడకి దేనికి కోపమొచ్చిందో తెలియడం లేదు. రేపటినుంచి తనూ కూచోదల్చుకోలేదు.

“మీ అక్కగారికెన్నేళ్ళు?”

“అరవై ఆరు.”

“అది అలక కాదు మాస్టారూ, బొటనవేలు. మీ వేలు నొప్పెడితే రోగం, ఆవిడది నొప్పెడితే అలకానా?”

ఆ పెద్దాస్పత్రి ఉన్నది అక్క ఊళ్ళోనే. వెళ్ళేరోజున స్టేషనుకొచ్చి కొత్త దిండు ఒకటి పట్టీలమ్మ చేతిలో పెట్టాడు. ఏం చెప్పమంటారని అడిగితే, చెప్పడానికేముంది, అయిదింటికి నేను పడవలో ఉంటానన్నాడు.

అక్కగారిది మూడో అంతస్తు. కిటికీ పక్కన కుర్చీ, స్టూలు మీద గేమ్. ఎవరు పంపారని ఆవిడ అడగలేదు. దిండు అందుకుని తిరగేసింది, కళ్ళజోడు పెట్టుకుని కుట్టు పొడుగునా వేలితో రాసింది.

“కుట్టు ఇంకా వంకర తిరగలేదు వాడికి” అంది.

అయిదయింది. పడవ కదిలింది. పట్టీలమ్మ వేణ్ణీళ్ళ గిన్నె పక్కనే పెట్టుకుని, ఏమీ ముట్టుకోకుండా కూచుంది. పదిహేను నిమిషాలయ్యేసరికి ఆవిడ పెదవి కొరుక్కోవడం మొదలైంది. పద్దెనిమిదో నిమిషంలో వేలు ఆగిపోయింది. తెరమీద పడవ చుట్టూ తిరగసాగింది.

“చూడు, ఇప్పుడు నేను అలిగాననుకుంటాడు వెధవ” అంది అక్కగారు.

“అనుకోరు. చెప్పే వచ్చాను. చెయ్యి కదపకండి” అని రేకు తీసి ఆ చేతికి, గేముకి మధ్య పరిచింది. మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలూ పడవ తిరుగుతూనే ఉంది. ఎడమ తెడ్డు మాత్రం ఆగలేదు. ఆవిడ కళ్ళు దానిమీదే ఉన్నాయి.

నాలుగో రోజుకి అంచులు నున్నగా చేసి, స్పాంజి వేసి పిడి ఇచ్చింది. ఆ సాయంత్రం పడవ గిరగిరా తిరగకుండా గంటా అయిదు నిమిషాలు నడిచి నది మలుపు దాటింది. పట్టీలమ్మ అక్కడినుంచే మాస్టారికి ఫోను చేసింది.

“అక్క ఏమైనా అందా?” అన్నాడాయన.

“తిట్టారు. ఎడమ తెడ్డు మరీ గుద్దేస్తున్నారట, కాస్త ఒడుపుగా వెయ్యమన్నారు.”

అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. తరవాత, రేపటినుంచి నెమ్మదిగా వేస్తానని చెప్పు అన్నాడు. ఆ ముక్క మీరే చెప్పండని ఫోను అక్కగారికి ఇచ్చేసి పట్టీలమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. వాళ్ళేం మాట్లాడుకున్నారో ఆమె వినలేదు. మంచం కింద అన్న మాట మాత్రం రెండుసార్లు వినపడింది, నవ్వు కూడా.

ఇంకో పన్నెండు రోజుల పాఠాలు మిగిలున్నాయి. అక్కగారు కూతురి గౌను ఒకటి మడతపెట్టి, కొలతకి ఆదిగా ఇచ్చింది. ఆ పిల్ల ఆఫీసులో వచ్చే నెలాఖరుకి మళ్ళీ నాటకం వేస్తోందట. ఈసారైనా టైముకి కుట్టి ఇమ్మనండి అంది. ఆ ఆది గౌను పట్టీలమ్మ సంచిలో కత్తెర పక్కన భద్రంగా ఉంది. ఆమె తిరిగొచ్చేది జూన్ పదకొండో తేదీ, గురువారం.