ముందు సీట్లో కూర్చున్నాయన

దారిలో చనిపోయినవాళ్ళంతా దయ్యాలయ్యేటట్టయితే, మేము బర్మా నుంచి నడిచి వచ్చిన దారిలో బతికున్నవాళ్ళకి కాలు పెట్టడానికి చోటుండేది కాదు. ఆ కొండల్లో శవాల పక్కనే పడుకుని నిద్రపోయాను. ఏ ఒక్కరూ లేచి రాలేదు. అందుకే ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే నేను లేచి వెళ్ళిపోతాను.

ఇప్పుడు నేను చెప్పబోయేది ఏమిటో నాకూ తెలియదు. నేను కళ్ళారా చూసింది ఏమీ లేదు. ఆ సంగతి ముందే చెబుతున్నాను.

మా నాన్నది ఉయ్యూరు దగ్గర పల్లె. వయసులో ఉండగానే రంగూను వెళ్ళి బియ్యపు మిల్లులో పనికి కుదిరాడు. అమ్మ బర్మా మనిషి. నేను అక్కడే పుట్టాను. నాన్న నాకు లక్ష్మి అని పేరు పెట్టి, తెలుగు చదవడం, రాయడం నేర్పాడు. నా భర్త కో సాన్ బర్మావాడు. రంగూనులో టాక్సీ నడిపేవాడు. పెళ్ళయిన కొత్తలో నాకు కారు నడపడం నేర్పింది ఆయనే.

యుద్ధం వచ్చింది. జపాను వాళ్ళు రంగూను మీద బాంబులు వేశారు. అమ్మా నాన్నా అప్పటికే పోయారు. జనంతో పాటు మేమిద్దరం కూడా కొండదారి పట్టాం. ఆ దారిలో కో సాన్‌కి కలరా తగిలింది. పొద్దున మొదలై, పొద్దు వాలేలోపే అయిపోయింది. మనిషి పిడికెడయిపోయాడు. దారి పక్కన ఆకులు కప్పి వచ్చేశాను. వెనకవాళ్ళు తోసుకొస్తున్నారు, నిలబడనివ్వలేదు.

ఎలాగో బెజవాడ చేరాను. నాన్న పల్లెలో మమ్మల్ని ఎరిగినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. పోలీసుల లెక్కలో నేను విదేశీయురాలిని. అప్పటికే బర్మాని ఇండియా నుంచి విడదీశారు. వారం వారం స్టేషనుకి వెళ్ళి సంతకం పెట్టాలి. పనీ, నీడా చూపించకపోతే బర్మా నుంచి వచ్చినవాళ్ళ శిబిరానికి పంపిస్తామన్నారు. వచ్చే దారిలో అలాంటి శిబిరం ఒకటి చూశాను. మళ్ళీ వెళ్ళకూడదనుకున్నాను. అంతకుమించి దేని గురించీ ఏమీ అనుకోలేని రోజులవి. అన్నం పెడితే తినేదాన్ని. పడుకోమంటే పడుకునేదాన్ని.

గవర్నరుపేటలో సుగుణమ్మ గారని ఒక లేడీ డాక్టరు ఉండేవారు. కాన్పులకి కంకిపాడు, ఉయ్యూరు దాకా కారులో వెళ్ళేవారు. ఆవిడ డ్రైవరు పట్టాళంలో చేరిపోయాడు. నాకు కారు నడపడం వచ్చని తెలిసి, తన ఇంటి పెరట్లో గది ఇస్తానన్నారు. జీతం కూడా ఇస్తానన్నారు. ఇక కావలసింది లైసెన్సు ఒక్కటే.

రంగూనులో నాకు లైసెన్సు ఉండేది. కొండలు దాటాక ఎక్కిన పడవలో సముద్రపు నీటికి ముద్దయిపోయింది. ఉన్నా లాభం లేదన్నారు లైసెన్సు ఆఫీసులో. అది వేరే దేశానిది, ఇక్కడ చెల్లదు, కొత్తగా పరీక్ష ఇవ్వాల్సిందే అన్నారు.

పరీక్ష పెట్టే ఇన్‌స్పెక్టరు గారు డాక్టరు గారి ఇంటికే వచ్చారు. పెద్ద వయసు మనిషి, సన్నగా పొడుగ్గా ఉన్నారు. నుదుట విభూతి, పైన ఖాకీ కోటు. మాట తక్కువ. ముందు తలుపు తీయబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. తరువాత వెనక తలుపు తీసుకుని ఎక్కారు. అది చిన్న కారు. ఆయనంత మనిషి వెనక సీట్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చోవాలి. ఆడమనిషి పక్కన, అందులోనూ భర్త పోయినదాని పక్కన కూర్చోవడం ఇష్టం లేదేమో అనుకున్నాను. నాకేమీ బాధ అనిపించలేదు.

బందరు రోడ్డు మీద కొంతదూరం పోనిమ్మన్నారు. ఇప్పుడు బెంజ్ సర్కిల్ అంటున్న చోట అప్పుడు పొలాలే. అక్కడి నుంచి కాలువ గట్టు ఎక్కించమన్నారు. గట్టు మీద మలుపు దగ్గర గేదెలు అడ్డం వస్తే ఆపాను. వాలులో వెనక్కి తీయమంటే తీశాను. ఒళ్ళు జల్లుమన్నదనో, ఏదో వాసన వచ్చిందనో చెబితే వినడానికి బాగుంటుంది. అలాంటిదేమీ లేదు. ఎండగా ఉంది. కాలువలో పడవలు వెళుతున్నాయి. ఇంజను చప్పుడు తప్ప నాకింకేమీ వినిపించలేదు.

తిరిగొచ్చాక ఇన్‌స్పెక్టరు గారు దిగి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. డాక్టరు గారు వరండాలోనే ఉన్నారు.

"బండి బాగానే నడిపావమ్మా. కానీ లైసెన్సు ఇవ్వను" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

ఎందుకని డాక్టరు గారు అడిగారు.

"పరీక్షలో పక్కన మనిషిని కూర్చోబెట్టుకోవడం ఏం పద్ధతండీ? దారి పొడుగునా ఆయన చెబుతూనే ఉన్నాడు, ఈవిడ చేస్తూనే ఉంది. మీ ఇంట్లో మనిషి కదా అని నేను ఊరుకున్నాను."

ఎవరి గురించి మాట్లాడుతున్నారో డాక్టరు గారికి అర్థం కాలేదు. గళ్ళ లుంగీ కట్టుకున్నాయన, ముందు సీట్లో కూర్చున్నాయన అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. ముగ్గురం కారు వైపు చూశాం. ముందు సీటు ఖాళీగా ఉంది. మీరిద్దరే ఎక్కారు, నేను ఇక్కడే నిలబడి చూశాను కదా అన్నారు డాక్టరు గారు. ఆయన నమ్మలేదు. గేటు దగ్గర బండి నెమ్మదించినప్పుడు దిగిపోయి ఉంటాడన్నారు.

నేను ఒక్కటే అడిగాను. "ఏం చెబుతున్నారండీ ఆయన?"

"మన భాష కాదమ్మా. ఫ్యే ఫ్యే అంటాడు, మాటిమాటికీ. గట్టు మీద మలుపు దగ్గర మరీను."

బర్మా భాషలో ఆ మాటకి నెమ్మది, నెమ్మది అని అర్థం. కో సాన్ నాకు కారు నేర్పేటప్పుడు అస్తమానం అనే మాట అదే. బెజవాడ వచ్చాక ఆ భాషలో ఒక్క మాట కూడా నేను ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడడానికి ఎవరున్నారు?

నాకు ఏడుపు రాలేదు. భయమూ వేయలేదు. నోట్లోంచి ఇంకో మాట వచ్చింది.

"ఆయనకి ఒంట్లో బాగానే ఉందాండీ?"

ఇన్‌స్పెక్టరు గారు నా ముఖం వైపు చూశారు. ఆయనకి అప్పుడే ఏదో అర్థమై ఉంటుందని తరువాత అనిపించింది.

"నిక్షేపంగా ఉన్నాడమ్మా" అన్నారు మెల్లిగా. "కానీ రూలు రూలే. వచ్చే వారం ఒక్కదానివే రా."

ఆ వారంలో పోలీసులు మరోసారి వచ్చి పని ఖాయమైందా అని అడిగి వెళ్ళారు. డాక్టరు గారు ఇంకొక్క వారం గడువు అడిగారు. ఇక మీద గడువు లేదన్నారు వాళ్ళు.

సుగుణమ్మ గారు ఇలాంటివి నమ్మే మనిషి కాదు. ఎండ అద్దం మీద పడితే ఏవేవో కనిపిస్తాయని నాకు నచ్చజెప్పారు. మరి మాట ఎలా వినిపించిందని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. రెండో పరీక్ష రోజు పొద్దున కాఫీ ఇస్తూ, నా వైపు చూడకుండా అన్నారు.

"నేను నమ్మనే లక్ష్మీ. అయినా వెళ్ళి ఒక మాట చెప్పి చూడు. పోయేదేముంది?"

షెడ్డులోకి వెళ్ళి కారులో కూర్చున్నాను. పక్క సీటు వైపు తిరిగాను. చీకటేమీ లేదు, రేకుల సందుల్లోంచి ఎండ పడుతోంది. సీటు మీద చిరుగు కూడా కనిపిస్తోంది. బర్మా భాషలో చెప్పాను. నువ్వు ఉంటే నాకు లైసెన్సు ఇవ్వరట. ఒక్కదాన్నే రమ్మన్నారు. ఇది రాకపోతే నాకు ఉండడానికి చోటు లేదు. దిగు, అన్నాను.

వంగి అటువైపు తలుపు తీశాను. ఎంతసేపు తెరిచి ఉంచాలో తెలియలేదు. కాసేపు ఉంచి, వేసేశాను.

ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. కారు దగ్గరికి వచ్చి, వంగి అద్దంలోంచి లోపలికి చూశారు. ముందు తలుపు తీసుకుని నా పక్కన కూర్చున్నారు. వెళ్ళిన దారినే మళ్ళీ వెళ్ళాం. గట్టు మీద మలుపు దగ్గర నేను తొందరపడ్డాను. ఒక చక్రం గట్టు అంచున మెత్తటి మట్టిలోకి దిగింది. ఆయన ముందున్న చెక్కని రెండు చేతులా పట్టుకున్నారు. ఎలాగో బండిని రోడ్డు మీదికి లాగాను.

ఇంటికొచ్చాక కాగితం మీద సంతకం పెడుతూ, "మొన్న ఇంతకంటే నయంగా తిప్పావు" అన్నారు. అంతే. లైసెన్సు ఇచ్చారు.

ఆ సాయంత్రం డాక్టరు గారిని అడిగి కారు తీసుకుని కాలువ గట్టుకి వెళ్ళాను. అటువైపు తలుపు తీసి, ఇక ఫరవాలేదు, ఎక్కు అన్నాను. గడ్డి మోపులతో వెళుతున్న ఆడవాళ్ళు నన్ను వింతగా చూశారు. పొద్దుగుంకే వేళకి తలుపు వేసి వచ్చేశాను.

తరువాత చాలా ఏళ్ళు డాక్టరు గారి కారు నడిపాను. ఆ సీట్లో ఎందరో కూర్చున్నారు. ఎవరూ ఏమీ చూడలేదు, ఏమీ వినలేదు. ఇన్‌స్పెక్టరు గారు ఎప్పుడైనా బర్మా వెళ్ళారేమోనని వాకబు చేయించాను. మద్రాసు దాటి ఎక్కడికీ వెళ్ళలేదట. మరి ఆ మాట ఆయనకెలా వినిపించిందో నాకు తెలియదు. నాకెందుకు వినిపించలేదో అంతకన్నా తెలియదు. ఇన్నేళ్ళయినా దీనికి అర్థం చెప్పలేను.

ఇన్‌స్పెక్టరు గారికి వేరే ఊరు బదిలీ అయ్యేదాకా బందరు రోడ్డు మీద అప్పుడప్పుడు ఎదురయ్యేవారు. కారు నెమ్మది చేసేదాన్ని. ఆయన మొదట నా పక్క సీటు వైపు చూసేవారు. తరువాత నా వైపు చూసి, లేడన్నట్టు తల అడ్డంగా ఊపేవారు. నేను నమస్కారం పెట్టి వెళ్ళిపోయేదాన్ని.