శనివారం తిరగని గానుగ

లక్సెట్టిపేట అంతయ్య ఇజ్రాయెల్‌లో ఆరేళ్లు చూసుకున్న ముసలాయన పేరు దానియేల్ పెణ్‌కర్. అష్దోద్ అనే రేవు ఊళ్లో మూడో అంతస్తులో ఉండేవాడు. భార్య పోయింది. కూతురు అబిగైల్ పక్క వీధిలో ఉంటుంది. ఆయనకు స్నానం చేయించడం, మందులు వేయడం, సాయంత్రం చక్రాల కుర్చీలో తిప్పుకురావడం అంతయ్య పని. మనవైపు నుంచి పోయినవాళ్లలో చాలామంది భాష రాక మొదటి ఏడాది ఏడుస్తారు. అంతయ్యకు ఆ తిప్పలు రాలేదు. దానియేల్ కొంకణ్‌లో పుట్టిన యూదుడు, ఇంట్లో మరాఠీయే మాట్లాడతాడు. అంతయ్య అవ్వ పుట్టిల్లు మహారాష్ట్రలోని సిరొంచ, అతనికి చిన్నప్పటి నుంచే మరాఠీ వచ్చు. అట్లా మొదటిరోజే ఇద్దరికీ మాట కలిసింది.

మాట కలిశాక దానియేల్‌కు ఒకటే ముచ్చట, వాళ్ల తాత గానుగ.

"లోకం మా యూదులందరినీ పెద్ద సేట్లనుకుంటుంది" అనేవాడు. "బాగ్దాద్ నుంచి వచ్చిన మావాళ్లు కొందరు బొంబాయిలో మిల్లులు పెట్టారు, ఓడల మీద సరుకు పంపారు. వాళ్ల పేర్లు భవనాల మీద చెక్కి ఉన్నాయి. మేం అంతకంటే ఎన్నో తరాల ముందే కొంకణ్ ఒడ్డుకు చేరాం. మా వ్యాపారమంతా ఒక గానుగ, ఒక ఎద్దు, నెత్తిమీద నూనెకుండ. శనివారం మాత్రం మాకు పని నిషిద్ధం, ఎద్దును కట్టేవాళ్లం కాదు. అందుకే ఊరు మమ్మల్ని శనివార్ తేలీలని, అంటే శనివారం సెలవు పాటించే గానుగవాళ్లని పిలిచింది."

తర్వాత వాళ్ల నాన్న బొంబాయిలో చిన్న నూనె దుకాణం పెట్టాడు. మిల్లు నూనె డబ్బాల్లో రావడంతో అదీ మూతపడింది. సంసారమంతా ఇజ్రాయెల్‌కు వచ్చేసింది. దానియేల్ రేవులో క్రేన్ నడిపి ముసలివాడయ్యాడు. తాత గానుగ ఆగేనాటికి అతనికి ఆరేళ్లు. ఆ గానుగ గురించి గుర్తున్నదంతా ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాడు.

"మీ వైపు తేలీలు ఉన్నారా అంతయ్యా?" అని ఒకరోజు అడిగాడు.

అంతయ్య బాపు గంగయ్యది గానుగే. పదిహేనేళ్లు వచ్చేదాకా ఆ ఎద్దు వెనక తిరిగినవాడే అంతయ్య.

"ఉంటరు కావచ్చు కాకా. నాకెర్కలే. మాది ఎవుసం, పొలం దున్నుకుంటం" అన్నాడు.

ఆ అబద్ధం చిన్నప్పటిది. ఎనిమిదేళ్లప్పుడు బాపు వేలు పట్టుకుని నూనె డబ్బాతో పోతుంటే, పెళ్లిబట్టలకు బయల్దేరిన ఒక కుటుంబం వాళ్లను చూసి ఆగిపోయింది. "పొద్దుగాల్నే గాండ్లోడు ఎదురొచ్చిండు" అని, నూనెవాడు ఎదురైతే అపశకునమని ఇంట్లోకి తిరిగిపోయి, నీళ్లు తాగి మళ్లీ బయల్దేరారు. వాళ్లు దాటిపోయేదాకా గంగయ్య దారి పక్కన మురుగు మోరి మీద తలవంచుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత బడిలోనైనా, విదేశాలకు పంపే మంచిర్యాల ఏజెంటు దగ్గరైనా ఎవరు అడిగినా అంతయ్య 'ఎవుసం' అనే చెప్పాడు.

దానియేల్ ఇంకోసారి అడిగాడు. అప్పుడు అంతయ్య ఆయన కాలిగోళ్లు తీస్తున్నాడు.

"గానుగలో నువ్వులు తిరుగుతుంటే మధ్యలో తాత ఏదో చల్లేవాడు. ఏమిటో, ఎప్పుడో గుర్తురావడం లేదు. ఇక్కడ అడుగుదామంటే తెలిసినవాళ్లు ఒక్కరూ మిగల్లేదు."

అంతయ్యకు తెలుసు. తల వంచి మరో గోరు తీశాడు.

ఫోన్‌లో భార్య జమునకు చెబితే ఆమె కోప్పడింది. "ఆయన గూడ తేలీయేనాయె. చెప్తే ఏం పోతది?"

"గిన్నేండ్లు అబద్ధం ఆడిన గదనే. ఏమనుకుంటడో. వాళ్ల పండుగ ఎల్లినంక చెప్తా."

పండుగకు నాలుగురోజుల ముందు దానియేల్‌కు పక్షవాతం వచ్చింది. రెండోరోజు ఆసుపత్రిలో పోయాడు. ఇంటివాడు కాదని అంతయ్యను లోపలికి రానివ్వలేదు.

వాళ్ల పద్ధతిలో ఏడు రోజులు ఇంటివాళ్లు కింద కూర్చుని దుఃఖిస్తారు. ఆరోరోజు అబిగైల్ నాన్న నోటుబుక్కు తిరగేస్తుంటే అంతయ్య ఎదురుగా కూర్చున్నాడు.

"అక్కా, మా బాపుది గానుగ" అన్నాడు. "కాకా అడిగిన సంగతి నాకెర్కే."

ఆమె తలెత్తింది. "నాన్న నిన్ను అడిగాడా?"

"రెండుసార్లు అడిగిండు."

"ఈ ఊళ్లో మా పాతవాళ్ల ఇళ్లన్నీ తిరిగాడు అంతయ్యా, దీనికోసం." ఆమె గొంతులో కోపం లేదు. కోప్పడితే బాగుండునని అంతయ్యకు అనిపించింది. ఆమె పెన్ను తీసింది. "చెప్పు, రాస్తాను."

నువ్వులు పొడిగా నలిగి మెత్తబడ్డాక వేడినీళ్లు చిలకరిస్తారని, కొద్దికొద్దిగా మూడుసార్లు చల్లాలని, అప్పుడే పిండి ముద్దకట్టి నూనె పైకి తేలుతుందని చెప్పాడు. ఆమె హీబ్రూలో రాసుకుంది. ఏం రాసిందో అంతయ్య చదవలేడు.

మరో ఇంట్లో ఏడాదిన్నర పని చేసి అతను లక్సెట్టిపేటకు వచ్చేశాడు. ఇప్పుడు అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ మాది గానుగ అని చెబుతాడు. బాపు ఉన్నప్పుడు ఒక్కసారైనా నలుగురిలో ఆ మాట అనుంటే కాకా ముందు నోరు లేచేదేమో అంటాడు.

"అయిపాయె గదయ్యా, ఎన్నిసార్లు తల్సుకుంటవ్" అని జమున చాయ్ అతని చేతికి ఇచ్చి, తనూ పక్కనే కూర్చుంటుంది.