గట్టిగా చెప్పిన ధర

"పల్నాటిలో పాత కార్ల ధరలు పడగొట్టిన మేస్త్రీ పోయాడు, ఇక ధరలు లేస్తాయేమో చూడాలి" అని పోయినవారం ఈ పత్రికలో ఒక పాఠకుడు రాశారు. పోయిన మాట నిజం. పడగొట్టిన మాట అబద్ధం. చనిపోయిన మనిషి మీద చమత్కారం చేసేటప్పుడు కనీసం విషయమైనా సరిగా తెలుసుకుని చెయ్యాలి. ధరలు పడగొట్టింది ఒక ఎర్ర కారు. మేస్త్రీ ఆ సంగతి పైకి చెప్పాడు, అంతే. ఆ పాఠకుడిని నేను కోప్పడను. ఏడాది కిందట నేనూ ఆయన్నే తప్పుపట్టాను, ఇంకా చెడ్డ మాట అన్నాను. అందుకే కళ్లజోడు తుడుచుకుని ఇది రాయడానికి కూర్చున్నాను.

ఎరగనివాళ్ల కోసం చెప్తాను. నరసరావుపేట స్టేషను రోడ్డులో రేకుల షెడ్డు వేసుకుని కార్లూ బస్సులూ బాగుచేసే సాయిబుగారిని ఊరంతా మేస్త్రీ అనేది. చిన్నతనంలోనే నవాబు రాజ్యం నుంచి కృష్ణ దాటి ఇవతలికి వచ్చాడు. ముప్పై ఏళ్లకు పైగా ఇక్కడే ఉన్నాడు. కుడిచేతి బొటనవేలు వంకర. పని నేర్చుకునే రోజుల్లో, ఇంజను లేపడానికి కారు ముందు దూర్చి తిప్పే హాండిలు ఎదురుతిరిగి కొట్టిందట. "గురువు నోటితో చెప్పినాడు, వినలా. బండి చేత్తో చెప్పింది, విన్నా" అనేవాడు.

మా వారు వకీలు. యుద్ధానికి ముందు ఒక నల్ల కారు కొన్నారు. యుద్ధం మొదలైన రెండో ఏట ఆయన పోయారు. ఇంట్లో కారు మిగిలింది, నేను మిగిలాను. ఇద్దరిలో కారుకే గిరాకీ ఉండేది. నడిపేవాళ్లు లేక అది కొట్టంలోనే ఉండిపోయింది. ఊరికే నిలబెడితే ఇంజను బిగుసుకుపోతుందని, ప్రతి బేస్తవారం పొద్దున పది గంటలకు మేస్త్రీ వచ్చి హాండిలు తిప్పి, ఇంజను కాసేపు ఆడించి పోయేవాడు. ఎవరూ రమ్మనలేదు. పైసా పుచ్చుకోలేదు. పెట్రోలు చీటీల మీద దొరికే కాలం కాబట్టి, ఆయన ఒక గ్లాసు మజ్జిగ తాగినంతసేపే ఇంజను ఆడేది.

ఆ మజ్జిగతో ప్రతివారం ఒకటే తగాదా.

"అక్కయ్యా, ఇందులో ఉప్పేదీ?"

"వేశాను. నీ నాలిక్కి ఉప్పు కొటారు తెచ్చిపెట్టినా చప్పగానే ఉంటుంది."

"వకీలుగారింట్లో సాక్ష్యం గట్టిగుంటది గాని మజ్జిగే పల్చన" అని నవ్వుతూ గ్లాసు చాపేవాడు. నేను ఇంకో చిటికెడు వేసేదాన్ని. మా వారు బతికుండగా ఆయన్ని బావగారూ అనేవాడు, నన్ను అక్కయ్యా అనేవాడు. ఆ పిలుపులు ఎవరు ఎప్పుడు మొదలుపెట్టారో నాకు గుర్తు లేదు.

యుద్ధం రోజుల్లో కొత్త కార్లు రావడం ఆగిపోయింది. బస్సులు పెట్రోలుకు బదులు వెనక బొగ్గుపొయ్యి తగిలించుకుని దగ్గుతూ తిరిగేవి. దాంతో ఉన్న పాత కార్లకు ఏటేటా ధర పెరిగింది. మా కారు కొన్న ధరకు రెట్టింపు ఇస్తామని వచ్చారు. మరుసటేడు ఇంకా ఎక్కువన్నారు. మన పల్నాటివాళ్లకు రెండు రకాల ఆస్తే తెలుసు. ఒకటి చేను, రెండోది ఎద్దు. కారు ఈ రెంటిలో ఏ రకమో ఎవరికీ తేలలేదు. పెరుగుతోంది కాబట్టి చేను రకం అని అందరం నిశ్చయించుకున్నాం. బియ్యే చదివినవాళ్లూ అదే అనుకున్నారు, ఇంగ్లీషు పత్రిక తెప్పించుకునే నేనూ అదే అనుకున్నాను. మనవరాలు డాక్టరీ చదువుతానంటే, "కారు అమ్మి నిన్ను చెన్నపట్నం పంపిస్తానే, దాని ధర నీతోపాటే ఎదుగుతోంది" అన్నాను.

యుద్ధం ముగిసిన ఏడు మేస్త్రీ హాండిలు పక్కన పెట్టి చెప్పాడు. "అక్కయ్యా, ఇప్పుడు అమ్మెయ్. ఓడలు మళ్లా కదిలినాయి. కారుకి వయసు పెరిగితే ఎద్దు లెక్క, భూమి లెక్క కాదు." నేను వినలేదు. ఇంకో ఏడాది ఆగితే ఇంకాస్త వస్తుందని నా ఆశ. ఆశకు చదువుతో పని లేదు, వయసుతో అసలే లేదు.

పాత కారు చూడ్డంలో ఆయనది ఒక పద్ధతి. ముందు యజమానిని అవతలికి పొమ్మనేవాడు. రంగు చూసేవాడు కాదు. ఎన్ని మైళ్లు తిరిగిందో చెప్పే ముల్లును అసలే నమ్మేవాడు కాదు. ఒంగి, కాలితో తొక్కే పెడళ్ల మీద రబ్బరు ఎంత అరిగిందో చూసేవాడు. ఇంజను మీద పొడుగాటి స్క్రూడ్రైవరు ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. తరవాత ధర చెప్పేవాడు. అక్కడే ఆయనకూ ఊరికీ తేడా వచ్చేది. మన సంతలో ఎద్దుల బేరం ఎట్లా సాగుతుందో తెలుసుగా? తువ్వాలు కప్పుకుని, దాని కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. నలుగురిలో నిలబడే చేస్తారు, నాలుగోవాడికి తెలియనివ్వరు. కార్ల బేరమూ మనవాళ్లు అట్లాగే మొదలుపెట్టారు. మేస్త్రీ మాత్రం తువ్వాలు ముట్టేవాడు కాదు. "గుడ్డ కింద చెప్పే ధర నాకు రాదయ్యా" అని, అమ్మేవాడికీ కొనేవాడికీ ఒకే మాట, వీధి చివరకు వినపడేటట్టు చెప్పేవాడు. ధరలు పెరిగే కాలంలో అది అందరికీ బాగానే ఉండేది.

అప్పుడు దిగింది ఎర్ర కారు. రైసుమిల్లు చినబాబు దొరల సీమ నుంచి ఓడలో తెప్పించాడు. టార్పాలిను కప్పుకుని గూడ్సులో వచ్చింది. పైకప్పు లేదు, సీట్లు రెండే. పెళ్లాన్ని ఎక్కిస్తే పెట్టెకు చోటు లేదు, పెట్టె ఎక్కిస్తే పెళ్లానికి లేదు. పందెంలో పరిగెత్తించే రకమట. మా నాపరాళ్ల వీధిలో అది ఎద్దుబండి వెనక పడి ఎంత పరిగెత్తిందో మేము చూశాం. అంత పనికిరాని బండి వచ్చిన నెలలోపల మా పాత కార్లు అడిగేవాడు లేకుండా పోయాడు.

పాత కార్లున్న వాళ్లం ఏడుగురం మా అరుగు మీద చేరి మేస్త్రీని పిలిపించాం.

"ఎట్టుంది మేస్త్రీ ఆ ఎర్ర బండి?"

"చానా మంచి బండి."

"మన రోడ్ల మీద నిలబడదంటగా?"

"నిలబడదు. కిందంతా రాళ్లు తగులుతయ్యి. అది రోడ్డు తప్పు, బండిది కాదు."

"మరి ఎవుడికీ పనికిరాని బండి వస్తే మా ధరలు పడటం ఏందయ్యా?"

"దాన్ని కొంటానికి ఎవురూ ఆగలా. అది వచ్చింది కాబట్టి దాని ఎనకాల మామూలు బండ్లు కూడా వస్తయ్యని ఆగినారు. ఇన్నాళ్లూ మీ బండ్లకి ధర పలికింది బండి బాగుండి కాదు, ఇంకోటి దొరక్క."

అందులో ఒకాయన, "అది మాచర్ల దాకా కూడా పోదు, ఉత్త డబ్బా అని నలుగురిలో నువ్వొక్క మాటంటే చాలు" అన్నాడు. ఆ మాట ఆయన నోట్లో పెట్టింది నేనే. మేస్త్రీ నావైపు చూశాడు. "అట్టా అనను" అని లేచి వెళ్లాడు.

జూన్లో పిల్ల కాలేజీలో చేరాలి. మేలో దుర్గి నుంచి ఒక రైతు వచ్చాడు. మాచర్ల దారిలో కారు బాడుగకు తిప్పాలని అతని కోరిక. ఎర్ర కారు సంగతి అతనికి అందలేదు. నేను పోయిన ఏటి ధర చెప్పాను, తలాడించాడు. మేస్త్రీ ఒక మాటంటే చాలన్నాడు. ఆ రోజు బేస్తవారమే.

నేను మేస్త్రీని కొట్టం వెనక్కు పిలిచాను. "ఈ ఒక్కసారికి గుడ్డ కింద చెప్పు మేస్త్రీ. పోయిన ఏటి ధర చెప్పు. పిల్ల చదువు."

"నాకు తెలవదా అక్కయ్యా, పిల్ల చదువని" అన్నాడు. బయటికి వచ్చి రైతును అడిగాడు. "ఏం పెట్టి కొంటున్నావు అన్నా?"

"ఎద్దులమ్ముతా. ఒక ఎకరం కూడా."

"ఎద్దులు ఉంచుకో. ఇది మంచి బండి, నేను సాకిన బండి. కానీ నువ్వు అనే ధర పోయినేటిది. ఇప్పుడు సగం. వచ్చేయేడు ఆ సగం కూడా ఉండదు."

ఎప్పటిలాగే వీధి చివరకు వినపడింది. రైతు తువ్వాలు భుజాన వేసుకుని దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

అప్పుడు నేనన్నాను. "ఒడ్డు దాటి వచ్చినవాడివి, మా మంచిచెడ్డలు నీకెందుకు పడతాయి?"

మీకు గుర్తుండే ఉంటుంది, అవి ఎలాంటి రోజులో. అవతలి ఒడ్డున, నవాబు రాజ్యంలో, గొడవలు. పడవ దిగిన ప్రతి సాయిబునూ ఆపి, ఎక్కడివాడివి, ఎందుకొచ్చావు అని అడిగే రోజులు. అప్పుడు ఆ మాట ఉత్త మాట కాదు. అది నాకు తెలుసు, తెలిసే అన్నాను. ఆయన హాండిలు తుడిచి, దాని మేకుకు తగిలించాడు. "వస్తానమ్మగారూ" అన్నాడు.

వీధిలో వాళ్లు ఆయన చెప్పిన ధర విన్నట్టే నేనన్న మాటా విన్నారు. అరుగు మీది ఆరుగురికీ ఆ మాట బాగా పనికొచ్చింది. వారం తిరక్కముందే షెడ్డు ముందు బండ్లు తగ్గాయి. ముప్పై ఏళ్లుగా లేని అవతలి ఒడ్డు ఆయనకు అప్పుడు వచ్చిపడింది. పోలీసులు కూడా ఒకసారి పిలిచి అడిగారని విన్నాను. నేను వెళ్లి, ఈయన మావాడు అని చెప్పి ఉండవలసింది. వెళ్లలేదు. మాచవరం దగ్గర చేను అమ్మి పిల్లను చెన్నపట్నం పంపాను. ఆ పని మేలోనే చెయ్యగలిగి ఉండేదాన్ని.

బేస్తవారాలు మాత్రం తప్పలేదు. పది గంటలకు వచ్చేవాడు, హాండిలు తిప్పేవాడు, మజ్జిగ తాగేవాడు. అక్కయ్య అనే పిలుపు మాత్రం మళ్లీ వినలేదు. అమ్మగారూ అనేవాడు, ఎంతో మర్యాదగా. ఉప్పు సంగతి ఎత్తేవాడు కాదు. క్షమించమని అడగడం నాకు ఏ బళ్లోనూ నేర్పలేదు. నాకు తెలిసిన దారి తగాదా ఒక్కటే. అందుకని ఒక వారం ఉప్పు సగం వేశాను. తాగాడు. మరుసటి వారం అసలు వెయ్యలేదు. చివరి చుక్కదాకా తాగి, "బాగుందమ్మగారూ" అన్నాడు. ఆయన వెళ్లాక మిగిలిన మజ్జిగ నేను నోట పోసుకుని చూశాను. మింగుడు పడలేదు.

ఈ ఏడు మొదట్లో చెన్నపట్నంలో ఆ రకం కారే ఇంకా కొత్తది దిగిందని తెలిసి, చినబాబు ఎర్ర కారు అమ్ముదామని షెడ్డుకు తెచ్చాడట. మేస్త్రీ పెడళ్లు చూసి, చెవి ఆనించి, "సగం" అన్నాడట, వీధి చివరకు వినపడేటట్టు. ఆ రోజు అరుగు మీది ఆరుగురికీ పండగ. మేస్త్రీ ధర్మాత్ముడన్నారు. మర్నాటి నుంచీ మళ్లీ బండ్లు షెడ్డుకు తోలారు. అవతలి ఒడ్డు ఎటు పోయిందో ఎవరూ అడగలేదు. నేను మాత్రం అమ్మగారిగానే ఉండిపోయాను.

పోయిన నెల ఒక బేస్తవారం పది దాటింది, పదకొండు దాటింది. మజ్జిగ మీద మూత పెట్టాను. మూడో రోజున ఆయన కొడుకు వచ్చాడు, బెజవాడలో రైలు పనిలో ఉంటాడు. "నాయన పోయాడండీ. జ్వరం. మూడు రోజులే" అన్నాడు. వెళ్లబోతూ వెనక్కు తిరిగి, "బేస్తవారం ఆ బండి తిప్పకపోతే ఇంజను బిగుసుకుపోద్ది, చెప్పిరా అన్నాడండీ పోయేముందు" అన్నాడు.

ఎవరికి చెప్పిరమ్మన్నాడు నాయనా, అక్కయ్యకా, అమ్మగారికా, అని అడగడానికి నోరు తెరిచాను. అడగలేకపోయాను. పత్రికకు ఇంత పొడుగు రాయగల దాన్ని ఆ ఒక్క మాట అడగలేకపోయాను.

మట్టి చేసేటప్పుడు దుర్గి రైతు వచ్చాడు. నన్ను చూసి దూరం నుంచే దణ్ణం పెట్టాడు. ఎద్దుబండి మీదే వచ్చాడు. చక్కటి జత.

మా కారు ధర ఇప్పుడెంతో నాకు తెలియదు. చెప్పేవాళ్లు లేరు, అమ్మే ఉద్దేశమూ లేదు. కానీ అది బిగుసుకుపోకూడదు. కాబట్టి చేతిబలం ఉన్నవాళ్లెవరైనా బేస్తవారం పది గంటలకు కోర్టు వెనక వీధిలో, వకీలుగారి ఇల్లెక్కడని అడిగి రావాలి. ధరల మాట రాసిన ఆ పాఠకుడే వచ్చినా సరే. హాండిలు కొట్టంలో కుడివైపు మేకుకు ఉంది. బొటనవేలు హాండిలు చుట్టూ తిప్పకుండా మిగతా వేళ్ల పక్కనే ఉంచుకోవాలి. కింది నుంచి పైకి లాగాలి, పై నుంచి కిందికి నొక్కకూడదు. ఇంజను అందుకున్నాక ఒక గ్లాసు మజ్జిగ తాగినంతసేపు ఆడనిచ్చి ఆపెయ్యాలి. మజ్జిగ నేనిస్తాను. ఉప్పు తక్కువైతే తక్కువైందని గట్టిగా చెప్పాలి.